ఆర్డర్స్‌లో భార్య పేరుందా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఈ వారం అంశం, అమెరికా సైన్యంలో పనిచేస్తున్న మనవాళ్లకి వేరే దేశంలో పోస్టింగ్ పడినప్పుడు, ఇండియాలో ఉన్న భార్యకో భర్తకో ఇమిగ్రెంట్ వీసా ఎప్పుడు తీసుకోవాలి అన్నది. అడ్వొకేట్ మేడం లైన్లో ఉన్నారు. మొదటి కాల్ కిలీన్ నుంచి.

కాలర్ (కిలీన్, టెక్సస్): నమస్తే మేడం. ఆర్మీలో స్పెషలిస్ట్‌ని. నాకింకా గ్రీన్ కార్డే. మా ఆవిడ విశాఖలో ఉంది, ఐ-130, అంటే తనని రప్పించే పిటిషన్, వేశాను. గ్రీన్ కార్డు వాళ్ల భార్యాపిల్లలుండే ఎఫ్2ఏ క్యూలో ఉందంటున్నారు. నాకేమో వచ్చే ఏడాది జర్మనీ అంటున్నారు.

అడ్వొకేట్: మీరు సిటిజన్‌షిప్‌కి ఎందుకు పెట్టుకోలేదు?

కాలర్: ఐదేళ్లు నిండాలి కదండీ.

అడ్వొకేట్: అది మామూలు వాళ్లకి. 2001 సెప్టెంబరు 11 నుంచి ఇప్పటిదాకా సెక్షన్ 329 కింద, యూనిఫాంలో మంచి రికార్డున్న వాళ్లకి ఆ ఐదేళ్ల లెక్క లేదు. సిటిజన్‌షిప్ దరఖాస్తు ఎన్-400 వేయండి, దాంతోపాటు మీ సర్వీసు ధృవీకరించే ఎన్-426 మీద మీ యూనిట్ వాళ్లు సంతకం పెట్టాలి. ఫీజు కూడా లేదు. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే కాపీ నేషనల్ వీసా సెంటర్‌కి, అంటే ఎన్‌వీసీకి, పంపితే మీ ఆవిడ క్యూలోంచి బయటపడి సిటిజన్ భార్య కేటగిరీలోకి వస్తుంది. పిల్లలున్నారా?

కాలర్: ఒక పాపండీ. అదే పిటిషన్‌లో ఉంది.

అడ్వొకేట్: ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఎఫ్2ఏలో తల్లి వెనకాల పాప వచ్చేస్తుంది. మీరు సిటిజన్ అయ్యాక రాదు. పాపకి విడిగా ఐ-130 వేయాలి. ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు. ఇవాళే మొదలుపెట్టండి.

యాంకర్: థాంక్యూ అండీ. గుంటూరు నుంచి కాల్.

కాలర్ (గుంటూరు): హలో... వినపడుతుందా అమ్మా? నేను రిటైర్డ్ టీచర్నమ్మా. మా అమ్మాయికి నిరుడు ఫిబ్రవరిలో పెళ్లి చేశాం, మంగళగిరిలో. అల్లుడు అమెరికా ఆర్మీ, సిటిజనే. బంగారంలాంటి పిల్లాడు. అమ్మాయి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తోంది. అల్లుడికి ఆగస్టులో కొరియా పడింది. మా పక్కింటాయన ఏమన్నాడంటే, వీసా రాగానే వెళ్లి స్టాంపు వేయించుకుని వెనక్కి వచ్చేయమను, కార్డు కార్డే ఉంటుంది, ఉద్యోగం ఉద్యోగమే ఉంటుంది అని...

అడ్వొకేట్: మాస్టారూ, ఒక్క నిమిషం. కేసు ఎంతవరకు వచ్చింది?

కాలర్ (గుంటూరు): ఐ-130 అయిపోయిందమ్మా. ఎన్‌వీసీ అంటున్నారు. ఫీజులు కట్టాం, 325 ఒకటి, 120 ఒకటి. ఇప్పుడు ఆ ఫారం పెట్టేస్తే జూన్‌లో ముంబైలో ఇంటర్వ్యూ పడుతుందేమోనని.

అడ్వొకేట్: ఆ ఫారం, ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు డీఎస్-260, ఇప్పుడే సబ్మిట్ కొట్టకండి. ముందు నాకొకటి చెప్పండి. అల్లుడిగారి ఆర్డర్స్‌లో మీ అమ్మాయి పేరుందా?

కాలర్ (గుంటూరు): పేరంటే... అది ఆయన డ్యూటీ కాగితం కదమ్మా.

అడ్వొకేట్: అందులోనే ఉంటుంది. కుటుంబంతో వెళ్లే పోస్టింగా, ఒంటరి పోస్టింగా? ఎన్నాళ్లు?

కాలర్ (గుంటూరు): ఏడాదో, రెండేళ్లో... (పక్కకి) ఏమ్మా, ఎన్నాళ్లంటా? ఆ, రెండేళ్లంట. ఒక్కడే వెళ్లాలంట.

అడ్వొకేట్: సరే. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. సైనికుడి భార్య గ్రీన్ కార్డు పెట్టుకుని విదేశంలో ఉంటే, అమెరికా నివాసం వదిలేసినట్టు లెక్కగట్టరాదని 2008లో చట్టం మార్చారు. ఇమిగ్రేషన్ చట్టంలో 284(బి). కానీ దానికి మూడు షరతులున్నాయి. ఆర్డర్స్ ప్రకారం ఆమెకి వెంట వెళ్లే అనుమతి ఉండాలి, నిజంగా ఆయన వెంట ఉండాలి, కాపురం అక్కడే ఉండాలి. మీ అమ్మాయి గచ్చిబౌలిలో, ఆయన కొరియాలో ఉంటే ఆ రక్షణ ఒక్కపూట కూడా వర్తించదు. పక్కింటాయన చెప్పింది ఆయన వీసా సంగతైతే ఆయన ఇష్టం.

కాలర్ (గుంటూరు): ఏడాదికోసారి వెళ్లి మొహం చూపించి వస్తే?

అడ్వొకేట్: ఆరు నెలలు దాటి బయటుంటే ఎయిర్‌పోర్ట్‌లో ప్రశ్నలు మొదలవుతాయి. ఏడాది దాటితే కార్డు చూపించి లోపలికి రావడం కుదరదు. కాన్సులేట్‌కి వెళ్లి ఎస్‌బీ-1, అంటే తిరిగి నివాసిగా వచ్చే వీసా, అడగాలి, అది అంత సులువుగా ఇవ్వరు. అసలు ఎన్నాళ్లున్నారన్నది ఒకటే చూడరు. కాపురం ఎక్కడ, ఉద్యోగం ఎక్కడ అని చూస్తారు. ఆవిడకి జీతం హైదరాబాద్‌లో పడుతోంది.

కాలర్ (గుంటూరు): మరి రీ-ఎంట్రీ పర్మిట్ అని ఒకటుందంట కదమ్మా.

అడ్వొకేట్: ఉంది. ఐ-131. అమెరికాలో ఉండగానే వేయాలి, వేలిముద్రలు అక్కడే ఇవ్వాలి. మామూలుగా రెండేళ్లకి ఇస్తారు. మీ అమ్మాయికి అంత రాదు. ఎందుకో చెబుతా. పెళ్లయి రెండేళ్లు నిండకముందు అమెరికాలో అడుగుపెడితే అది సీఆర్-1, రెండేళ్ల షరతుల కార్డు. పర్మిట్ ఆ కార్డు గడువు దాటి ఇవ్వరు. పైగా కార్డు గడువుకి ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751, అంటే ఆ షరతులు తీసేయమనే ఫారం, వేయాలి. అప్పటికి ఒకరు కొరియాలో, ఒకరు హైదరాబాద్‌లో. కాపురం రుజువుగా ఏం చూపిస్తారు, వాట్సాప్ కాల్స్ లిస్టా?

కాలర్ (గుంటూరు): అయితే జూన్‌లో ఇంటర్వ్యూ పెట్టుకోవచ్చా, వద్దా?

అడ్వొకేట్: (నవ్వు) వద్దు మాస్టారూ. ఇప్పటిదాకా చెప్పింది అదే. వీసా పాస్‌పోర్ట్‌లో పడ్డాక పొడిగించరు. దాని గడువు మెడికల్ తేదీని బట్టి గరిష్ఠంగా ఆరు నెలలు. ఆ లోపు వెళ్లకపోతే మెడికల్ మళ్లీ, అంతా మళ్లీ. అందుకే ఆగాలనుకుంటే వీసాకి ముందే ఆగాలి. మీ కేసు ఇప్పుడున్న చోటు దానికి సరైనది.

కాలర్ (గుంటూరు): ఫీజు కట్టేశాక ఆపితే కేసు కొట్టేయరా?

అడ్వొకేట్: మంచి ప్రశ్న. ఏడాదిపాటు అటునుంచి ఉలుకూ పలుకూ లేకపోతే రద్దు చేసే అధికారం వాళ్లకుంది, సెక్షన్ 203(జి). అందుకని వీసా కేసులు నడిచే సీఈఏసీ సైట్‌లో ఏడాదికి ఒక్కసారైనా లాగిన్ అవ్వాలి. నేనైతే ఆరు నెలలకోసారి అవ్వమంటాను. లాగిన్ అయిన తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. అల్లుడు తిరిగొచ్చే ఎనిమిది నెలల ముందు, ముంబై క్యూ ఎలా ఉందో చూసుకుని డీఎస్-260 పెట్టండి. అప్పటికి పెళ్లయి రెండేళ్లు దాటిపోతుంది. షరతుల్లేని ఐఆర్-1 మీద వెళుతుంది, పదేళ్ల కార్డు, ఐ-751 గొడవే ఉండదు.

కాలర్ (గుంటూరు): అంటే రెండేళ్లు పిల్ల ఇక్కడే...

అడ్వొకేట్: తండ్రిగా మీ బాధ నాకు అర్థమవుతోంది. అయితే ఇంకో దారి ఉంది, దాన్ని చాలామంది తల్లకిందులుగా అనుకుంటారు. భర్తతో కొరియా వెళ్లడానికి గ్రీన్ కార్డు అక్కర్లేదు! కావలసింది కమాండ్ స్పాన్సర్‌షిప్, అంటే కుటుంబాన్ని వెంట ఉంచుకోవడానికి సైన్యం ఇచ్చే అనుమతి. అల్లుణ్ని కుటుంబంతో ఉండే పోస్టింగ్‌కి మార్చమని యూనిట్‌లో అడగమనండి. ఒప్పుకుంటే అమ్మాయి పేరు ఆర్డర్స్‌లో ఎక్కుతుంది. ముందు డీర్స్‌లో, అంటే సైనిక కుటుంబాల రికార్డులో, నమోదు, సబ్-రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్‌తో. గుడిలో ఇచ్చిన రసీదు పనికిరాదు. తర్వాత ఫ్యామిలీ మెడికల్ స్క్రీనింగ్, ఆర్మీలో ఫారం 5888. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద కొరియా ఏ-3 వీసా. అక్కడికి చేరాక ఇమిగ్రెంట్ కేసుని ముంబై నుంచి సియోల్‌కి మార్చమని అడగొచ్చు.

కాలర్ (గుంటూరు): అప్పుడు కార్డు తీసుకుని కొరియాలోనే ఉండొచ్చా?

అడ్వొకేట్: ఒకసారి అమెరికాలో దిగి, కార్డు తీసుకుని, ఆయన దగ్గరికి తిరిగొస్తే ఉండొచ్చు. అప్పుడు ఇందాక చెప్పిన 284(బి) వర్తిస్తుంది. ఆయన టూర్ అయిపోయి వెనక్కి వెళ్లేటప్పుడు ఆయనతోపాటో, ముందో, లేదా నాలుగు నెలల్లోపో వెళితే కార్డు తేదీ దాటినా ఆర్డర్స్ కాపీతో రానిస్తారు. ఇంకోటి. కొరియాలో ఏడాదికి పైగా టూర్ మిగిలి ఉంటే 319(బి) కింద మూడేళ్లు ఆగకుండానే సిటిజన్‌షిప్‌కి పెట్టొచ్చు. దానికి మిలిటరీ వాళ్లు విదేశీ పోస్టింగ్‌ని ధృవీకరించే డీడీ-1278 ఇవ్వాలి.

కాలర్ (గుంటూరు): వెంటనే సిటిజనా! అయితే జూన్‌లో...

అడ్వొకేట్: మాస్టారూ! పేరు ఆర్డర్స్‌లో లేకపోతే ఆ డీడీ-1278 రాదు. తిరిగి తిరిగి అక్కడికే వస్తాం. ఇంకా, అమెరికా సిటిజన్ అయిన రోజే ఇండియన్ పౌరసత్వం పోతుంది. పాస్‌పోర్ట్ సరెండర్ చేసి ఓసీఐ తీసుకోవాలి. అదీ ఆలోచించుకోండి. అమ్మాయి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఎలా ఉంది?

కాలర్ (గుంటూరు): ఇంటిపేరు గడి ఖాళీగానే ఉందమ్మా. అంతా ఒకే పేరుగా రాశారు.

అడ్వొకేట్: ఇదిగో! అమెరికా వీసాలో ఆ మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి పోతుంది, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ, అంటే పేరు తెలియదు అని పడుతుంది. డీర్స్‌లో మీ అల్లుడు తన ఇంటిపేరు చేర్చి రాసుంటాడు. ఆర్డర్స్‌లో ఒకరు, పాస్‌పోర్ట్‌లో ఇంకొకరు అవుతారు. ఈ ఆగే కాలంలో ముందు పాస్‌పోర్ట్ సరిచేయించండి, తర్వాత దాని ప్రకారం డీర్స్ మార్పించండి. మెడికల్ మాత్రం ముందే చేయించకండి. ఎక్స్‌రేలో మచ్చ ఉంటే కఫం కల్చర్‌కి ఎనిమిది వారాలు పడుతుంది, ఇంటర్వ్యూకి ఆ వ్యవధి ఉంచుకోండి.

యాంకర్: మాస్టారూ, చాలా సేపైంది...

కాలర్ (గుంటూరు): ఒక్కటే అమ్మా. అల్లుడి జీతం సరిపోతుందా? ఆ ఆర్థిక హామీ అఫిడవిట్‌కి?

అడ్వొకేట్: సరిపోతుంది. మిగతావాళ్లకి పేదరిక రేఖకి 125 శాతం, డ్యూటీలో ఉన్న సైనికుడు భార్యకి పెడితే 100 శాతమే. 2025 లెక్కలో ఇద్దరికి 21,150 డాలర్లు. ఆ అఫిడవిట్ ఫారం ఐ-864లో డ్యూటీలో ఉన్నానన్న గడి టిక్ పెట్టమనండి, మరిచిపోతే 125 లెక్కేస్తారు. ఎల్‌ఈఎస్, అంటే జీతం స్లిప్పుల, కాపీలు జతచేయాలి. ఉంటానండీ.

యాంకర్: ఒకినావా నుంచి.

కాలర్ (ఒకినావా): మేడం, మావారు మెరీన్స్‌లో ఉన్నారు. ఆర్డర్స్‌లో నా పేరుంది. ఐ-751 ఇక్కణ్నుంచే వేయాలి. వేలిముద్రలకి అమెరికా వెళ్లాలా?

అడ్వొకేట్: అక్కర్లేదు. ఫారం మొదటి పేజీ పైన ‘యాక్టివ్ మిలిటరీ’ అని ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో రాయండి. ఆర్డర్స్ కాపీ, రెండు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, ఎఫ్‌డీ-258 వేలిముద్రల కార్డులు రెండు జతచేయండి. ముద్రలు బేస్‌లోనే తీస్తారు. కార్డులు మడతపెట్టకండి.

యాంకర్: థాంక్యూ. ఫాయెట్‌విల్ నుంచి చివరి కాల్. త్వరగా, ప్లీజ్.

కాలర్ (ఫాయెట్‌విల్): ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చి ఇక్కడే పెళ్లి చేసుకున్నానండి. గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 పెండింగ్. మావారికి జర్మనీ ఆర్డర్స్, వచ్చే నెల ఫ్లైట్.

అడ్వొకేట్: అడ్వాన్స్ పెరోల్, అంటే బయటికెళ్లి తిరిగొచ్చే అనుమతి, వచ్చిందా?

కాలర్ (ఫాయెట్‌విల్): వేశాం, ఇంకా రాలేదు.

అడ్వొకేట్: అది చేతికి రాకుండా విమానం ఎక్కితే ఐ-485 వదిలేసినట్టే, మళ్లీ మొదటి నుంచి. ఆయన్ని ముందు వెళ్లమనండి. ఆర్డర్స్, కమాండర్ లెటర్ జతచేసి ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ మిలిటరీ హెల్ప్‌లైన్‌లో ఎక్స్‌పెడైట్, అంటే త్వరగా తేల్చమని, అడగండి. ఆర్డర్స్‌లో మీ పేరు...

కాలర్ (ఫాయెట్‌విల్): ఉందండీ, చూశాను.

అడ్వొకేట్: హమ్మయ్య. అయితే జర్మనీ వీసా సంగతి కూడా బేస్ పాస్‌పోర్ట్ ఆఫీసులో ఇప్పుడే అడగండి. సోఫా, అంటే విదేశంలో ఉండే సైన్యాల ఒప్పందం, కాగితం ఉంటే చాలని ఇండియన్ పాస్‌పోర్ట్‌తో...

యాంకర్: సారీ మేడం, టైమ్ అయిపోయింది. అందరికీ ధన్యవాదాలు.