చెరకు తోటకి తడి సరే, మోటారు కరెంటు మాటేంటి?

యాంకర్: నమస్కారమండి, విజయవాడ స్టూడియో నుంచి. ఉయ్యూరు వైపు చెరకు రైతు గారు, వ్యవసాయ శాఖలో రిటైరైన మేడం గారు, మోటార్ల మెకానిక్ గారు వచ్చారు. రైతు గారూ, డ్రిప్పు వేశాక ఎలా ఉంది?

రైతు: సాళ్ళ మధ్య బురద లేదు, కలుపు తగ్గింది, బానే ఉందండి, కానీ మోటారు మాత్రం ఇదివరకటిలాగే తొమ్మిది గంటలూ తిరుగుతానే ఉంది.

మెకానిక్: ఆటో స్టార్టర్ పెట్టుంటారు.

రైతు: పెట్టకపోతే ఎట్టాగండీ, కరెంటు వచ్చినప్పుడల్లా ఎవడు పరిగెడతాడు!

మేడం: ఒక లెక్క చెప్తా వినండి. ఎకరంలో అంగుళం నీళ్ళంటే లక్ష లీటర్ల పైమాటే, దాన్ని 30 మీటర్ల నుంచి తోడటానికి ఎనిమిదిన్నర యూనిట్లు చాలు, కానీ మన పాత పంపులు తిన్న కరెంటులో 40 శాతం పనికి మారిస్తే గొప్ప, అంటే 20 యూనిట్ల పైనే. పైగా డ్రిప్పుకి కిలో ప్రెషర్ కావాలంటే బోరు ఇంకో పది మీటర్లు లోతైనట్టే. నీళ్ళు పావు వంతే తగ్గించారనుకోండి, కరెంటు దగ్గర సరికి సరి, మిగిలిందేం లేదు. ఉచిత కరెంటు కదా, బిల్లులో కనపడదు మనకి.

యాంకర్: అయితే కాలవ నీళ్ళే నయమా?

మేడం: పట్టిసీమలో 24 పంపులు గోదావరిని తోడి ఇటు కృష్ణలోకి పంపట్లా? మీ చేలో కాలకపోతే అక్కడ కాలుద్ది కరెంటు.

మెకానిక్: అన్నా, ఫిల్టర్ ముందు ప్రెషర్ గేజీ రెండు కిలోలు చూపించి తర్వాతది ఒకటే చూపిస్తోందా?

రైతు: అట్టాంటిదేనండి.

మెకానిక్: ఇసుక పట్టేసింది. ఫిల్టర్ దాకా వచ్చిన ప్రెషర్లో సగం అక్కడే పోతంది. ఎప్పుడు కడిగారు?

రైతు: బిగించిన రోజు వాళ్ళే కడిగారు.

(నవ్వులు)

మేడం: చెరకు నరికాక మిగిలే ఎండాకు చెత్త తగలబెట్టకుండా కార్సి తోటలో, అదే మోళ్ళ నుంచి మళ్ళీ లేచే తోటలో, సాళ్ళ మధ్య పరిచారా?

రైతు: కూలోళ్ళు దొరకట్లేదమ్మా, అగ్గిపుల్లకైతే కూలి ఇవ్వక్కర్లేదుగా.

మేడం: అది నిజమేలెండి, కానీ ఒక ఎకరంలో పరిచి చూడండి, చెత్త కింద చెయ్యి పెడితే తడి మీకే తెలుస్తది, తడికీ తడికీ మధ్య నాలుగు రోజులు కలిసొచ్చినా ఆ నాలుగు రోజులూ మోటారు ఆగినట్టేగా. పిలకలు పెట్టే దశలో ఆరు రోజులకో తడి కావాలి, కాదనను, పక్వానికొచ్చాక మూడు వారాలకొకటి సరిపోద్ది. మీరు ఏడాదంతా ఒకటే తిప్పుడు.

రైతు: టైమెంతయిందండి?

యాంకర్: పదకొండున్నర. ఏం?

రైతు: నరికే తోటకి ఇంకా పారతానే ఉంటది, మా వాడికి ఫోన్ చేద్దామంటే బయటే లాగేసుకున్నారుగా మీవాళ్ళు.