హీమోఫీలియా ఉన్న పిల్లాడు, బడి

వ్యాఖ్యాత: లైన్‌లో ఉన్నారు, చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా బాబుకి తొమ్మిదేళ్లు, తీవ్రమైన హీమోఫీలియా ఎ, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 8 అనే మందు వేయిస్తున్నాం. టీచర్లు భయపడి ఆటల పీరియడ్‌లో క్లాసులోనే కూర్చోబెడుతున్నారు.

డాక్టర్: ముందు ఆ భయం పోగొట్టాలమ్మా. దెబ్బ తగిలితే ఈ పిల్లలకి రక్తం మిగతావాళ్లకన్నా వేగంగా కారదు, ఎక్కువసేపు కారుతుంది. గీరుకుపోతే కడిగి, కాసేపు గట్టిగా నొక్కిపట్టి, పట్టీ వేస్తే సరిపోతుంది. అసలు కనిపెట్టాల్సింది మోకాలు, చీలమండ, మోచేయి కీళ్ల లోపలి రక్తస్రావాన్ని. వాపు రాకముందే బాబు ‘లోపల జిలజిలమంటోంది, పట్టేసినట్టుంది’ అంటాడు. ఆ మాట నమ్మాలి. సాయంత్రం చూద్దాంలే అనుకుంటే కీలు నిండా రక్తం చేరుతుంది. ఒకే కీలులో పదేపదే అలా జరిగితే అది పాడైపోతుంది.

వ్యాఖ్యాత: మరి టీచర్ ఏం చేయాలండీ?

డాక్టర్: బాబు అలా అనగానే వాణ్ణి నడవనివ్వకూడదు. కాలు ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, వెంటనే ఇంటికి ఫోన్ చేయాలి. ఐసు నొప్పికే, రక్తాన్ని ఆపేది ఫ్యాక్టరే. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రం ఇవ్వొద్దు, రక్తం ఆగడానికి సాయపడే ప్లేట్‌లెట్ కణాలను అవి సరిగా పనిచేయనివ్వవు.

శ్రోత: ముక్కులోంచి రక్తం వస్తే తల వెనక్కి వంచుతున్నారండీ.

డాక్టర్: అలా చేస్తే గొంతులోకి దిగుతుంది. కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కు కింది మెత్తని భాగాన్ని గడియారం చూసి 10-15 నిమిషాలు నొక్కాలి. ఆగిందా లేదా అని మధ్యలో వదిలి చూడటం వల్లే చాలాసార్లు ఆగదు. ఇక తలకి గట్టి దెబ్బ తగిలితే, బాబు మామూలుగా ఆడుకుంటున్నా ఆసుపత్రికే. లక్షణాలు గంటల తర్వాత బయటపడొచ్చు. ముందు ఫ్యాక్టర్, తర్వాతే స్కాన్.

శ్రోత: ఆటలు ఆడించొచ్చాండీ?

డాక్టర్: తప్పకుండా. కండరాలు బలంగా ఉంటేనే కీళ్లకి కాపుదల. ఈత చాలా మంచిది. కుస్తీ, బాక్సింగ్ వద్దు. మీ డాక్టర్‌తో మాట్లాడి, ఆటల పీరియడ్ ఉన్న రోజు పొద్దున ఫ్యాక్టర్ పడేలా చూసుకోండి. ఇదంతా ఒక్క పేజీలో రాసి, ఫొటో, మందు పేరు, మోతాదు, చికిత్స కేంద్రం నంబరు జోడించి ఇవ్వండి. క్లాస్ టీచర్ సెలవు పెట్టిన రోజు వచ్చేవాళ్లకీ, బస్సు డ్రైవర్‌కీ ఓ కాపీ ఉండాలి. తప్పులు జరిగేది ఎక్కువగా అక్కడే. బడిలో టీకాలు వేస్తారంటే ముందే చెప్పండి, కండరంలోకి సూది వేస్తే లోపల రక్తస్రావమై అక్కడ రక్తం చేరొచ్చు.

శ్రోత: తోటి పిల్లలకి చెప్పాలాండీ?

డాక్టర్: అది బాబునే అడగండమ్మా. వాడు సరేనంటేనే, వాడు కోరినంతే చెప్పించండి.