బాలింత ఆయాసం ఒట్టి నీరసమేనా?

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

యాంకర్: నమస్కారం. కాన్పయిన ఇంట్లో బిడ్డకు నీళ్లు పోసేవాళ్లు, దిష్టి తీసేవాళ్లు చాలామంది ఉంటారు. తల్లికి ఎలా ఉందని అడిగేవాళ్లే తక్కువ. పలమనేరు దగ్గరి పల్లె నుంచి ఒక చెల్లెమ్మ వచ్చింది, పేరు చెప్పొద్దంది. చెప్పమ్మా, ఏం జరిగింది?

తల్లి: అప్పటికి పాప పుట్టి పన్నెండు రోజులన్నా. పుట్టింట్లో ఉన్నా. పడుకుంటే దగ్గు, ఊపిరి ఆడేది కాదు. మూడు దిండ్లు పెట్టుకున్నా కుదరలేదు. పాపను ఒళ్లో పెట్టుకుని రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. మా అమ్మ లేచి చూసి, పాలిస్తా ఉందిలే అనుకునేది. కాళ్లు వాచి పట్టీలు బిగుసుకుపోయాయి. బాలింతకు నీరు పట్టడం మామూలే అన్నారు. ఒక ఆస్పత్రికి పోతే బలానికి మాత్రలు, దగ్గు మందు రాసిచ్చారు. బీపీ కూడా చూడలేదు.

యాంకర్: బీపీ కూడా చూడలేదా! వింటుంటేనే బాధగా ఉంది. డాక్టర్ గారూ, మీరేమంటారు?

గుండె డాక్టర్: జబ్బు లక్షణాలన్నీ ఆమె మాటల్లోనే ఉన్నాయండీ. కాన్పుకు ముందు నెలలోగానీ, కాన్పయ్యాక ఐదు నెలల లోపుగానీ కొందరికి గుండె కండరం బలహీనపడుతుంది. పెరిపార్టమ్ కార్డియోమయోపతీ అంటాం. గుండె తనలో నిండిన రక్తంలో మామూలుగా 55 శాతమైనా బయటికి తోయాలి. వీళ్లలో అది 45 కన్నా తగ్గిపోతుంది. దాంతో ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పడుకుంటే కాళ్ల వైపున్న రక్తం కూడా పైకి వస్తుంది, అందుకే ఆయాసం. లేచి కూర్చుంటే కాస్త తేలిక. ఎకో, అంటే గుండె స్కాన్ తీస్తే తెలిసిపోతుంది. మందులు మొదలుపెడితే చాలామందికి నెలల్లోనే గుండె కోలుకుంటుంది. పాలిచ్చే తల్లికి సరిపోయే మందులూ ఉన్నాయి. ఆలస్యమైతేనే ప్రాణం మీదికొస్తుంది.

ఇంకో మాట. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం సన్నబడిన ఆడవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. కాన్పు కాగానే గర్భసంచిలోని రక్తం ఒక్కసారిగా గుండెకు మళ్లుతుంది. ఆ ఒకటి రెండు రోజులు వాళ్లకు గండమే. డిశ్చార్జికి తొందరపెట్టకండి.

ఏఎన్ఎం: బీపీ సంగతి నేను చెప్తానండీ. కాన్పయితే బీపీ దానంతటదే దిగిపోతుందనుకుంటారు. కానీ మూడో రోజుకూ ఆరో రోజుకూ మధ్యే అది బాగా పెరుగుతుంది. అప్పటికి ఆమె ఇంట్లో ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు బీపీ లేనివాళ్లకూ రావచ్చు. 140/90కి చేరితే పీహెచ్‌సీకి రండి. 160/110 అయితే వెంటనే 108కి ఫోన్ చేయండి. మా ఆశాలు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్తారు. బిడ్డను తూకం వేస్తారు, ఒంటి వేడి చూస్తారు. తల్లిని రక్తస్రావం గురించి, జ్వరం గురించి అడుగుతారు. "రాత్రి వెల్లకిలా పడుకోగలుగుతున్నావా" అని అడగడం నేను ఈమధ్యే మొదలుపెట్టా. పైసా ఖర్చు లేదు కదండీ, ముందే అడిగి ఉండాల్సింది.

యాంకర్: పల్లె నుంచి చిత్తూరుకో, తిరుపతి స్విమ్స్ ఆస్పత్రికో రావాలంటే పచ్చి బాలింత పసిబిడ్డతో బస్సులు మారాలి. ఇంట్లోవాళ్లు కదలకపోతే ఆమె ఒక్కతే ఎట్లా వస్తుంది?

తల్లి: మా తమ్ముడే ఆటో పిలిచాడన్నా. అమ్మ అప్పటికీ పదకొండో రోజు చలిగాలి తగిలిందనే అంటా ఉంది. ఇప్పుడు పాపకు రెండేళ్లు, నేనూ బాగున్నా. మగబిడ్డ కావాలని మా అత్త అడుగుతా ఉంది, మేడమ్.

గుండె డాక్టర్: మళ్లీ ఎకో తీయకుండా ఆ ఆలోచనే వద్దమ్మా. గుండె పూర్తిగా కోలుకోకపోతే ఇంకో కాన్పు నీ ప్రాణానికే ముప్పు. కోలుకున్నా ఈ జబ్బు తిరగబెట్టొచ్చు. మీ అత్తగారిని వెంట తీసుకురా. నీ గుండె ఎట్లా కొట్టుకుంటోందో ఆమెకు తెరమీద నేనే చూపిస్తా.

తల్లి: సోమవారం తీసుకొస్తా మేడమ్.