చార్లీ వాట్స్ రివ్యూ: కొట్టని దెబ్బ వినపడుతోందా?

నమస్తే అండీ. ఈ ఛానెల్‌లో మామూలుగా ఆల్బమ్‌ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఒక మనిషిని రివ్యూ చేద్దాం. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్. 1963 జనవరిలో ఆ బ్యాండ్‌లో చేరి, 2021 ఆగస్టులో చనిపోయేదాకా అదే స్టూల్ మీద కూర్చున్న మనిషి.

ముందు నా తెలివితక్కువతనం ఒకటి చెప్పేస్తా. మొదటిసారి ఈయన లైవ్ వీడియో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశా. టిక్ టిక్ అని నడవాల్సిన చోట మధ్యమధ్యలో శబ్దం ఎగిరిపోతోంది. వైరు లూజ్ అయిందనుకుని రెండుసార్లు పీకి మళ్లీ పెట్టా. వైరుకేం కాలేదు. ఆయన అక్కడ కొట్టడం లేదు, అంతే.

ఇది చూపిస్తేనే అర్థమవుతుంది. ఇదిగో, ఈ స్టీలు గ్లాసు హై-హ్యాట్ అనుకోండి, అంటే ఒకదాని మీద ఒకటి ఉండే రెండు లోహపు పళ్లేలు. ఈ అట్టపెట్టె స్నేర్ డ్రమ్, ఢబ్ మని గట్టిగా మోగేది. మామూలు రాక్ బీట్‌లో కుడి చెయ్యి గ్లాసు మీద ఆగకుండా ఎనిమిది టిక్కులు కొడుతుంది. రెండో లెక్క దగ్గర, నాలుగో లెక్క దగ్గర ఎడమ చెయ్యి అట్టపెట్టె మీద పడుతుంది. టిక్ టిక్ ఢబ్ టిక్, టిక్ టిక్ ఢబ్ టిక్. ఢబ్ అన్నప్పుడు కుడి చెయ్యి కూడా గ్లాసు మీదే ఉంటుంది. అంటే రెండు శబ్దాలూ ఒకేసారి వస్తాయి. ప్రపంచంలో ఎక్కువమంది డ్రమ్మర్లు ఇలాగే వాయిస్తారు.

ఇప్పుడు చార్లీ. సరిగ్గా ఢబ్ పడే క్షణానికి ఆయన కుడి చెయ్యి గాల్లోకి లేస్తుంది. హై-హ్యాట్ మౌనం. స్నేర్ ఒక్కటే మోగుతుంది. పెళ్లింట్లో అందరూ మాట్లాడుతుంటే అరిచినా వినపడదు కదా, అందరూ ఒక్క క్షణం ఆగితే మెల్లగా అన్నది కూడా వినపడుతుంది. అందుకే ఈయన గట్టిగా బాదాల్సిన అవసరం ఉండేది కాదు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది కొత్తగా ఉండదేమో. ఆది తాళంలో ద్రుతం వేసేటప్పుడు ఒక దెబ్బ, ఒక విసురు. విసురుకి చప్పుడు లేదు, అలాగని లెక్కలోంచి తీసేస్తామా?

సరే, మనిషి కథలోకి వద్దాం. పుట్టింది 1941 జూన్ 2న, లండన్‌లో. తండ్రి రైల్వేలో లారీ డ్రైవర్. పక్కింటి కుర్రాడు డేవ్ గ్రీన్, తర్వాత పేరున్న జాజ్ బేస్ ప్లేయర్ అయ్యాడు. ఇద్దరూ కలిసి జాజ్ రికార్డులు వింటూ పెరిగారు, ముసలితనంలో కూడా కలిసి వాయించారు. పద్నాలుగేళ్ల వయసులో చార్లీ ఒక బాంజో కొన్నాడు, గిటార్ లాంటి తీగల వాయిద్యం. అది వాయించడం నచ్చలేదు. మెడ ఊడదీసి, చర్మం బిగించిన ఆ గుండ్రటి భాగాన్ని స్టాండ్ మీద పెట్టి డ్రమ్స్ వాయించే తీగల బ్రష్‌లతో వాయించడం మొదలుపెట్టాడు. అదే ఆయన మొదటి స్నేర్ డ్రమ్. ఇంట్లో వాళ్లు ఇది చూసే అసలైన డ్రమ్స్ కొనిచ్చి ఉంటారని నా అనుమానం.

ఆర్ట్ స్కూల్లో చదివి అడ్వర్టైజింగ్‌లో గ్రాఫిక్ డిజైనర్‌గా చేరాడు. సాయంత్రాలు అలెక్సిస్ కోర్నర్ బ్లూస్ బ్యాండ్‌లో వాయించేవాడు. స్టోన్స్ వాళ్లకి అప్పుడు ఈయనకి జీతం ఇచ్చే స్తోమత కూడా లేదు. చేరేటప్పుడు ఇదెంతకాలం నడుస్తుందో ఎవరికి తెలుసు. యాభై ఎనిమిదేళ్లు నడిచింది.

నాకు ఈయనలో అన్నిటికన్నా నచ్చేది, రాక్ స్టార్ అవ్వడానికి అస్సలు ఒప్పుకోకపోవడం. బ్యాండ్‌లో మిగతావాళ్లు ఎలా బతికారో మీకు తెలుసు. ఈయన 1964లో షర్లీని పెళ్లి చేసుకున్నాడు, చివరిదాకా ఆవిడతోనే ఉన్నాడు. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో వాళ్లకి అరేబియన్ గుర్రాల ఫామ్ ఉండేది. సూట్లు లండన్ శావిల్ రో దర్జీల దగ్గర కుట్టించుకునేవాడు. పాతకాలం కార్లు కొన్నాడు, డ్రైవింగ్ మాత్రం రాదు! లోపల కూర్చుని ఇంజిన్ చప్పుడు వినేవాడట. డ్రమ్మర్ కదా మరి. టూర్‌లో హోటల్‌కి వెళ్తే పడుకోబోయే మంచం బొమ్మ గీసేవాడు. 1967 నుంచి పడుకున్న ప్రతి మంచమూ గీశానని చెప్పాడు. పార్టీలు కింద జరుగుతుంటాయి, ఈయన పైన గదిలో మంచం కోళ్లు గీసుకుంటుంటాడు.

ఇక 1984 ఆమ్‌స్టర్‌డామ్ కథ. బ్యాండ్ గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్ తన ఆత్మకథలో రాశాడు. తాగి ఉన్న సింగర్ మిక్ జాగర్ తెల్లవారుజామున చార్లీ గదికి ఫోన్ చేసి, 'నా డ్రమ్మర్ ఎక్కడ' అన్నాడు. ఫోన్ పెట్టేశాక కాసేపటికి తలుపు చప్పుడు. తెరిస్తే చార్లీ. గడ్డం గీసుకుని, సూటు వేసి, టై కట్టి, మెరిసే బూట్లతో. నేరుగా వెళ్లి మిక్‌ని ఒక్కటి గుద్దాడు. ఇంకెప్పుడూ నన్ను నీ డ్రమ్మర్ అనకు అన్నాడు. ఈ కథ అందరూ హీరోయిజంలా చెప్తారు. చార్లీ మాత్రం దాన్ని గర్వంగా చెప్పుకోలేదు. ఆ రోజుల్లో ఆయన కూడా తాగుతున్నాడు, డ్రగ్స్ కూడా ఉన్నాయి. 1960లు, 70లు శుభ్రంగా దాటేసి, తనకి నలభై ఏళ్లు దాటాక పడ్డాడు ఆ గోతిలో. తర్వాత బయటపడ్డాడు. నాకైతే ఆ గుద్దు కన్నా, అంత కోపంలో కూడా ముందు గడ్డం గీసుకోవడమే ఆయన్ని పట్టిస్తుంది. టెంపో, అదే లయ వేగం, ఎక్కడా పరుగెత్తలేదు చూడండి.

ఇప్పుడు మైనస్‌లు. పొగడ్తే చేస్తే రివ్యూ ఎలా అవుతుంది. డ్రమ్ సోలోలు కావాలంటే ఈయన దగ్గరికి రాకండి, అవంటే ఆయనకి ఇష్టం లేదు. డ్రమ్ సెట్ కూడా చిన్నదే, 1957 నాటి గ్రెచ్ కంపెనీది, నాలుగు డ్రమ్ములు. 1986లో ముప్పై మందికి పైగా ఉన్న సొంత జాజ్ ఆర్కెస్ట్రాతో లైవ్ ఆల్బమ్ చేశాడు. సంబరంగా ఉంటుంది కానీ, అందులో ఆయన వాయిద్యకారుడి కన్నా అభిమానిలాగే ఎక్కువ వినపడతాడు నాకు. 'యు కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యు వాంట్' పాటలో డ్రమ్స్ ఈయనవి కావు. ఆ నడక ఈయనకి కుదరకపోతే రికార్డింగ్ నడిపించే ప్రొడ్యూసర్ జిమ్మీ మిల్లర్ కూర్చుని వాయించేశాడు. చార్లీ పక్కకి తప్పుకున్నాడు. ఎంతమంది తప్పుకుంటారు చెప్పండి?

ఇంకో విషయం. చాలా బ్యాండ్‌లలో అందరూ డ్రమ్మర్‌ని పట్టుకుని నడుస్తారు. స్టోన్స్‌లో చార్లీ కీత్ గిటార్‌ని పట్టుకుని నడిచేవాడు. గిటార్ ముందు, దాని వెనకే వెంట్రుకవాసి ఆలస్యంగా డ్రమ్స్. ఆ చిన్న ఈడ్పు వల్లే వాళ్ల పాటలు కాస్త ఊగుతున్నట్టు ఉంటాయి. కంప్యూటర్‌లో ప్రతి దెబ్బనీ లెక్క గీతకి సరిగ్గా సర్దిపెడితే ఆ ఊపు చచ్చిపోతుంది. ఈ మాట మన పాటల ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి చెప్పాలనిపిస్తుంది, పోనీలెండి.

2003 ఏప్రిల్‌లో వీళ్లు మన పక్కన బెంగళూరుకి వచ్చి వాయించారు, తర్వాత ముంబైలో. అప్పుడు నేను ఇంటర్. స్టోన్స్ అంటే రాళ్లు అని తప్ప ఇంకేం తెలీదు. ఇప్పటికీ మింగుడుపడదు నాకు.

2004లో గొంతు క్యాన్సర్ వచ్చింది. చికిత్స చేయించుకుని మళ్లీ టూర్‌కి వచ్చాడు. 2021 ఆగస్టు 24న లండన్‌లో, ఎనభై ఏళ్ల వయసులో పోయాడు. ఆ సెప్టెంబర్ టూర్‌లో ఆయన చోట స్టీవ్ జోర్డాన్ కూర్చున్నాడు. మంచి డ్రమ్మర్, గట్టి డ్రమ్మర్. 2023లో వచ్చిన స్టోన్స్ ఆల్బమ్‌లో రెండు పాటలకి మాత్రం చార్లీ వాయించినవి ఉన్నాయి. ఏవో చూడకుండా విని పట్టుకోండి, మంచి పరీక్ష.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? 1969 నాటి 'హాంకీ టాంక్ విమెన్'. మొదట వినపడే కౌబెల్, అంటే పుల్లతో కొట్టే గంట, జిమ్మీ మిల్లర్‌ది. తర్వాత డ్రమ్స్ వస్తాయి, కానీ ఎక్కడో కాలు తడబడినట్టు ఉంటుంది. అక్కడ ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పుగా ఎత్తుకున్నామని చార్లీయే చెప్పాడు. దాన్ని దిద్దలేదు, అలాగే వదిలేశారు. ఆ పాట పెట్టుకుని, మొదటి పది సెకన్లు వేలితో తాళం వేస్తూ వినండి. మీ వేలు ఎక్కడ తప్పిందో కామెంట్‌లో రాయండి. నాది ప్రతిసారీ తప్పుతోంది.