ఆ కాగితాన్ని పిల్లలనే నింపనివ్వండి

దృశ్యం: బెంగళూరు, మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్. భోజనాల బల్ల మీద కాగితం, పెన్సిలు.

వ్యాఖ్యానం: నమస్కారం. బడి బస్సు వచ్చే వేళకు కడుపునొప్పి. పరీక్ష అంటే వాంతులు. అమ్మ పక్కన లేకపోతే నిద్ర పట్టదు. ఇవి వారాల తరబడి సాగితే డాక్టరు గానీ కౌన్సెలర్ గానీ మీ బిడ్డ చేతికి ఒక ప్రశ్నావళి ఇవ్వవచ్చు. చాలాచోట్ల వాడేది పిల్లల్లో ఆందోళనను కొలిచే 'స్కేర్డ్'. మానసిక వైద్యుడు బిర్మాహెర్ బృందం అమెరికాలో 1997లో దీని తొలి రూపాన్ని ప్రచురించింది.

తెరపై: 41 వాక్యాలు. 8 నుంచి 18 ఏళ్లు.

వ్యాఖ్యానం: గత మూడు నెలలను తలచుకొని ఒక్కో వాక్యానికి 0 (నిజం కాదు), 1 (కొంత నిజం), 2 (చాలా నిజం)లలో ఒకటి గుర్తించాలి. మొత్తం 82కు 25 గానీ అంతకు మించి గానీ వస్తే ఆందోళన సమస్య ఉండవచ్చు, లోతుగా చూడాలి అని అర్థం. జబ్బు ఖాయమైనట్టు కాదు. నేనైతే మొత్తం కన్నా, ఒక్కో రకం ఆందోళనకు చెందిన విభాగాలనే ముందు చూడమంటాను. బడికి సంబంధించినవి నాలుగే వాక్యాలు. వాటిలో 3 గానీ అంతకు మించి గానీ వస్తే, మొత్తం 25 లోపే ఉన్నా పట్టించుకోవలసిందే.

దృశ్యం: పాప రాస్తోంది. తల్లి కాగితంలోకి తొంగి చూస్తోంది.

వ్యాఖ్యానం: అమ్మా, దయచేసి ఇక్కడే ఆగండి. "నీకు అంత భయం ఎక్కడుందే?" అని మీరు అన్న మరుక్షణం ఆ జవాబు మీది అయిపోతుంది. మీకోసం అవే 41 వాక్యాలతో వేరే కాగితం ఉంది. రెండింటిలోనూ మార్కులు తరచుగా కలవవు. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. మొరాయింపు మీకు కనిపిస్తుంది. లోపల తిరిగే ఆలోచన పాపకే తెలుసు. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడి నుంచే కౌన్సెలర్ మాట మొదలుపెట్టవచ్చు.

ఇక్కడి మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివేది మాత్రం ఇంగ్లిషు. వాక్యం అర్థం కాకపోతే కౌన్సెలరే చదివి వినిపించడం మేలు. అమ్మ చదివితే బిడ్డ అమ్మ ముఖం చూసి జవాబిస్తాడు. మంచి పిల్లాడు అనిపించుకోవాలని అన్నిటికీ 0 పెట్టేవాళ్లూ ఉంటారు. అందుకే మార్కులు తక్కువ వచ్చాయని, కళ్లెదుట కనిపిస్తున్న బాధను కొట్టిపారేయకండి.

తెరపై: టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి) 14416

వ్యాఖ్యానం: ఈ నంబరుకు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. నగరంలోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లేటప్పుడు రెండు కాగితాలూ తీసుకెళ్లండి, పాప రాసినదాన్ని దిద్దకుండా.