ఆభా కార్డు: రోగి సమాచారం ఎక్కడ జారిపోతోంది?

అందరికీ నమస్కారం. ఈ సభలో ఎక్కువమంది ఆరోగ్యమిత్రలు, రిజిస్ట్రేషన్ కౌంటర్ సిబ్బంది, ల్యాబ్ టెక్నీషియన్లు. అందుకే మీ బల్ల దగ్గర రోజూ జరిగే పని గురించే మాట్లాడతాను.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. ఆభా బీమా కార్డు కాదు. అది 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దాన్ని ఉచితంగా ఇస్తుంది, తీసుకోవడం ఇష్టం మీద ఆధారపడిందే. అర్హులైన కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స చేయించేది ఆయుష్మాన్ కార్డు. 2007లో మన దగ్గర పుట్టిన ఆరోగ్యశ్రీ మళ్ళీ వేరు. 'ఆభా ఉంది కదా, ఆపరేషన్ ఉచితమేనా బాబూ' అని అడిగే పెద్దావిడను కసురుకోకండి. ఈ మూడింటి తేడా ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆభా సంఖ్యలో రిపోర్టులేవీ ఉండవు. విజయవాడలో చేసిన రక్తపరీక్ష ఆ ల్యాబు సర్వర్‌లోనే ఉంటుంది, హైదరాబాద్‌లో తీసిన స్కాన్ ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది. కొత్త డాక్టరుకు అవి కావాలంటే రోగి ఫోనుకు అభ్యర్థన వెళ్తుంది. అడిగేదెవరు, ఎందుకు, ఏయే రకం పత్రాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఈ అనుమతి ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నీ అందులో కనిపిస్తాయి. రోగి ఒప్పుకున్నాకే పత్రాలు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఇతరులు చదవలేని సంకేతాలుగా మారి, బయలుదేరతాయి. మధ్యలో సమ్మతిని నడిపే వ్యవస్థ సైతం వాటిని చదవలేదు. ఈ కట్టడం గట్టిదేనని నా నమ్మకం.

మరి జారిపోయేది ఎక్కడ? కౌంటర్ దగ్గర. క్యూ పొడుగ్గా ఉంటుంది, పెద్దాయనకు ఫోను వాడడం రాదు. మనమే ఆ ఫోను తీసుకుని, ఓటీపీ కొట్టి, అన్ని పత్రాలకూ అన్ని సంవత్సరాలకూ అనుమతి ఇచ్చేస్తాం. అప్పుడది రోగి సమ్మతి కాదు, మన సమ్మతి. తెర మీద ఉన్నది గట్టిగా కాకుండా, ఆయనకు మాత్రమే వినబడేలా చదవండి. జ్వరానికి వచ్చిన మనిషి పదేళ్ళ చరిత్ర అక్కర్లేదు. ఇటీవలి మందుచీటీలు, ల్యాబు రిపోర్టులు టిక్ చేస్తే చాలు. చికిత్స ముగిశాక అనుమతిని రద్దు చేసుకోవచ్చనీ చూపించండి. అయితే రద్దు ఇకముందు వెళ్ళే పత్రాలనే ఆపుతుంది. అప్పటికే ప్రింటు తీసిన కాగితం వెనక్కి రాదు.

ఇక ఫోను నంబరు. ఆయుష్మాన్ కార్డు ఇచ్చే జన ఆరోగ్య యోజన మీద 2023లో బయటికొచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదికలో 7,49,820 మంది లబ్ధిదారులకు ఒకే నంబరు కనిపించింది: 9999999999. గడి ఖాళీగా వదలలేక ఎవరో నింపారు. అక్కడ పోయింది సమాచారం అందే దారి. ఆభాలో ఇలా చేస్తే నష్టం ఇంకా పెద్దది, ఎందుకంటే ఓటీపీ వచ్చే నంబరే తాళంచెవి. నెట్ సెంటర్ యజమాని నంబరు పెడితే ఆ ఇంటి జబ్బులన్నిటి తాళంచెవి అతని జేబులో ఉన్నట్టే. సొంత ఫోను లేనివారికి ఆధార్ వేలిముద్రతో ఆభా తీయండి.

వాట్సాప్ గురించి కాస్త కటువుగానే చెబుతాను. ప్రీ-ఆథరైజేషన్ (పథకం కింద చికిత్సకు ముందస్తు అనుమతి) కోసం కేస్‌షీటు ఫొటో తీసి గ్రూపులో పెడతారు. అది అందరి గ్యాలరీల్లోకీ, అక్కణ్ణుంచి బ్యాకప్‌లోకీ పోతుంది. హెచ్‌ఐవీ, మానసిక వైద్యం వివరాల గోప్యతకు 2017లోనే రెండు చట్టాలు వచ్చాయి. ఫొటో పంపిన మనిషికి అవి గుర్తుండవు. ఆ పత్రాలు పోర్టల్‌లోనే ఎక్కించండి, ఫోన్లో కాపీ ఉంచకండి. గుర్తింపుకు చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయేచోట పూర్తి జిరాక్స్ అడగకండి. పాడైన జిరాక్సుల వెనకవైపు లెక్కలు రాసుకోవద్దు, చించేయండి.

పత్రాలు దారిలో భద్రంగా ఉన్నా, ఆసుపత్రి సర్వర్‌ను కాపాడుకోవాల్సింది ఆసుపత్రే. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బులడిగే వైరస్) దాడి జరిగింది. అయిదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడింది. చాలా రోజులు ఓపీ పని చేతిరాతతో సాగింది. మన దగ్గర ఒకే పాస్‌వర్డు మూడు షిఫ్టులవాళ్ళూ వాడుతున్నారంటే తలుపు తీసి ఉన్నట్టే. ఎవరి లాగిన్ వారికుండాలి. నెట్‌వర్క్‌కు తగిలించని బ్యాకప్ ఒకటి ఉండాలి, దాన్నుంచి ఫైళ్ళు నిజంగా తిరిగొస్తున్నాయో లేదో అప్పుడప్పుడు తీసి చూడాలి. తెర మీద డబ్బులడిగే సందేశం కనిపిస్తే నెట్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి, యంత్రాన్ని మాత్రం ఆపకండి. ఆధారాలు దాని మెమరీలోనే ఉంటాయి. వెంటనే మీ ఐటీ బాధ్యుడికి చెప్పండి, తెలిసిన 6 గంటల్లోపు సంస్థ సెర్ట్-ఇన్‌కు (సైబర్ దాడులను చూసే కేంద్ర ప్రభుత్వ విభాగానికి) నివేదించాలి. భద్రతా చర్యల్లో విఫలమైతే 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా గరిష్ఠంగా 250 కోట్లు.

ఇప్పుడు అందరూ ఫోన్లు తీసి ఆభా యాప్ తెరవండి. మీ పేరు మీద ఇప్పటిదాకా ఏయే అనుమతులు ఇచ్చి ఉన్నాయో ముందు అవి చూద్దాం.