విత్తనానికి దాచిన మూట: మూలకణ వైద్యం గురించి కర్నూలులో చేసిన ప్రసంగం

పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

"స్టెమ్ సెల్ టెక్నాలజీయే రేపటి వైద్యమా?" అన్న విషయం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను జువాలజీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి, డాక్టర్‌ని కాను. అయినా ఈ విషయం నా మనసుకు చాలా దగ్గరిది. ఎందుకో కాసేపటికి చెబుతాను.

మా నాన్నకు పత్తికొండ వైపు మెట్ట పొలం ఉండేది. బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, కల్లంలో ఆరాక ఆయన చేసే మొదటి పని, మంచి కాయలు ఏరి విత్తనానికి వేరే మూట కట్టి అటక మీద పెట్టడం. ఎంత కరువొచ్చినా ఆ మూట విప్పేవాడు కాదు. తిండికి అప్పు తెచ్చేవాడు గానీ విత్తనం ముట్టనిచ్చేవాడు కాదు.

మన ఒంట్లో కూడా అలాంటి మూటలు ఉన్నాయి. ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకే మారిపోతుంది. పోయినవాటి చోటు నింపడానికి ఎముక మజ్జ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త ఎర్ర కణాలు తయారు చేస్తుంది. ఈ పంటంతా పండించే విత్తనాలే మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్. అవి రెండు పనులు చేస్తాయి. తమలాంటి కణాలను మళ్లీ పుట్టిస్తాయి, పనిచేసే కణాలుగానూ మారతాయి. ఎముక మజ్జలో ఇలాంటి కణాలున్నాయని ప్రయోగాలతో చూపించినవారు టొరంటోలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. అది 1961.

"రేపటి వైద్యమా" అని అడుగుతున్నాం గానీ, ఇందులో కొంత నిన్నటి వైద్యమే. ఎముక మజ్జ మార్పిడి అని మీరు వినే ఉంటారు. అది మూలకణ చికిత్సే. అమెరికాలో డొనాల్ థామస్ అనే డాక్టర్ 1957లో ఆరుగురు రోగులకు ఇతరుల మజ్జ ఎక్కించారు. వాళ్లలో ఒక్కరూ నిలవలేదు. ఆ తర్వాత పదేళ్లూ చాలా చోట్ల ఇదే కథ. విసిగిపోయి చాలామంది డాక్టర్లు ఈ దారే వదిలేశారు. థామస్ వదల్లేదు. కుక్కల మీద ప్రయోగాలు చేస్తూ, ఎవరి మజ్జ ఎవరికి సరిపోతుందో తేల్చుకుంటూ వెళ్లారు. 1990లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన దేశంలో మొదటి మజ్జ మార్పిడి 1983లో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. మొదటి ప్రయత్నానికీ నోబెల్‌కూ మధ్య 33 ఏళ్లు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు మన సీమకు బాగా దగ్గరి సంగతి ఒకటి. సున్నం. మన పల్లెల్లో వక్కాకు వేసుకునే ఇళ్లలో సున్నం డబ్బానో ప్యాకెట్టో చిన్నపిల్లల చేతికి అందే చోటే ఉంటుంది. పిల్లవాడు ప్యాకెట్ నొక్కుతాడు, అది పగిలి కంట్లో పడుతుంది. పండక్కి గోడలకు వెల్ల వేసేటప్పుడు పెద్దవాళ్ల కంట్లోనూ చిందుతుంది. సున్నం క్షారం. కంటి పైపొరతో ఆగదు, లోపలికి తినుకుంటూ పోతుంది.

కంటి నల్లగుడ్డు చుట్టూ, తెల్లగుడ్డుతో కలిసే చోట సన్నటి అంచు ఉంటుంది. దాన్ని లింబస్ అంటారు. నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర కార్నియా. దాని పైపొరను జీవితాంతం కొత్తగా పుట్టించే మూలకణాలు ఆ అంచులోనే ఉంటాయి. ఆ అంచు చెరువు కట్టలాంటిది కూడా. తెల్లగుడ్డు వైపు రక్తనాళాలు కార్నియా మీదికి పాకకుండా ఆపుతుంది. సున్నం ఆ అంచును కాల్చేస్తే కట్ట తెగినట్టే. రక్తనాళాలు పాకి, కార్నియా మసకబారి చూపు పోతుంది. అక్కడికి ఉత్తి కార్నియా మార్పిడి చేసినా నిలవదు. విత్తనం లేని పొలానికి పైన కొత్త మట్టి పోస్తే ఏం మొలుస్తుంది?

దీనికి దారి చూపిన చోట్లలో మన హైదరాబాద్ ఒకటి. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001 నుంచి, బాగున్న రెండో కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో కణాలు పెంచి, దెబ్బతిన్న కంటి మీద నాటుతూ వచ్చారు. తర్వాత డాక్టర్ వీరేంద్ర సాంగ్వాన్ బృందం ల్యాబ్ అవసరమే లేని పద్ధతి తెచ్చి 2012లో ప్రచురించింది. బాగున్న కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని మరీ చిన్న ముక్కలుగా కోసి, కాన్పు తర్వాత మాయతో పాటు వచ్చే ఉమ్మనీటి సంచి పొరను కంటి మీద పరిచి, దానిపై జిగురుతో అతికిస్తారు. కొన్ని వారాల్లో ఆ నారు మొలకెత్తి కార్నియా అంతా పరుచుకుంటుంది. ఖరీదైన ల్యాబ్ లేని చోట కూడా చేయగలిగిన పని కాబట్టి ఇతర దేశాల డాక్టర్లూ దీన్ని నేర్చుకున్నారు. మూలకణ వైద్యమంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. రోగి కంటి నుంచి తీసిన ముక్క, రోగికే చూపు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. సున్నం పడిన వెంటనే కనీసం అరగంట శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ కడగండి. రెప్ప కింద సున్నపు రేణువులు ఇరుక్కుంటాయి కాబట్టి అక్కడా కడగండి. పసరూ పాలూ పోయకండి. కడిగాక వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తండి.

ఇక నా మేనకోడలి సంగతి. ఆమె కొడుక్కి ఆటిజం. నాలుగేళ్లొచ్చినా మాట రాలేదు. ఒక పెద్ద నగరంలో ఒక క్లినిక్ వాళ్లు, వాడి తుంటి ఎముకలోంచి మజ్జ తీసి కణాలు వేరుచేసి వెన్నులోకి ఎక్కిస్తే మాట వస్తుందన్నారు. "మామా, నువ్వు జువాలజీ చదివినోడివి కదా, చేయించమంటావా?" అని ఫోన్ చేసింది. కనుక్కొని చెబుతానన్నాను. పరీక్షల పనిలో పడి నెల రోజులు జరిపేశాను. ఆలోపు రెండెకరాలు అమ్మి మూడు విడతలు చేయించేశారు. వాడికి మాట రాలేదు. ఆ ఫోన్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి. రక్త సంబంధమైన జబ్బులకు చేసే మార్పిడి వంటివి తప్ప, మిగతా జబ్బులకు మూలకణాలు ఇవ్వడం పరిశోధనగానే జరగాలి. మామూలు వైద్యంలా ఫీజు తీసుకుని చేయకూడదు. జాతీయ వైద్య కమిషన్ కూడా ఆటిజానికి ఈ చికిత్సను సిఫారసు చేయలేమంది. "మీ మూలకణాలే కదా, నష్టమేముంది?" అని అంటారు. అమెరికాలోని ఫ్లోరిడాలో ముగ్గురు మహిళలు వయసుతో వచ్చే రెటీనా జబ్బుకు తమ సొంత కొవ్వు నుంచి తీసిన కణాలనే రెండు కళ్లలోకీ ఎక్కించుకుని దాదాపు చూపంతా పోగొట్టుకున్నారు. విత్తనం మనదే అయినా, ఎక్కడ చల్లితే ఏం మొలుస్తుందో తెలియకుండా చల్లకూడదు.

బొడ్డుతాడు రక్తంలోనూ మూలకణాలుంటాయి. దాన్ని దాచే కంపెనీల వాళ్లు గర్భిణుల ఇళ్లకు వస్తున్నారు. బిడ్డకు జన్యు లోపంతో తలసేమియా అనే రక్తపు జబ్బు వస్తే, ఆ బిడ్డ బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. దాచిన రక్తం ఆ బిడ్డ తలసేమియాకు పనికిరాదు. ఈ ఒక్క మాట ఆ ఏజెంట్ చెప్పడు.

తలసేమియాకు నిజంగా పనికొచ్చేది, సరిపోలిన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల మజ్జ. ఒక్కొక్కరు సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించుకునే పిల్లలకు ఇది జీవితాన్నే మార్చేస్తుంది. కోల్ ఇండియా 2017లో మొదలుపెట్టిన తలసేమియా బాల సేవా యోజన కింద అర్హులైన కుటుంబాలకు 10 లక్షల దాకా సాయం ఉంది. అసలు జబ్బే రాకుండా చూసుకునే దారి ఇంకా చవక. పెళ్లికి ముందు ఇద్దరూ హెచ్‌బి ఏ2 రక్తపరీక్ష చేయించుకోవాలి. మన దగ్గర మేనరికాలు ఎక్కువ. ఇద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకున్నా ఆ లోపాన్ని మోసేవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం.

కుటుంబంలో ఎవరూ సరిపోని వాళ్ల కోసం దాతల రిజిస్ట్రీలు ఉన్నాయి. బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి పేరు నమోదు చేస్తారు. దానం అనగానే వెన్నెముకలో సూది గుచ్చుతారని మన పిల్లలకు భయం. మజ్జ తీసేది వెన్నులోంచి కాదు, తుంటి ఎముకలోంచి. ఈ రోజుల్లో చాలాసార్లు అదీ ఉండదు. అయిదు రోజులు ఇంజక్షన్లు ఇచ్చి, చేతి రక్తంలోంచే మిషన్ ద్వారా మూలకణాలు వేరుచేస్తారు.

రేపటి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆశ నిజంగానే ఉంది. 2006లో జపాన్‌లో షిన్యా యమనక నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాన్ని వెనక్కి తిప్పి, పిండంలోని మూలకణంలా మార్చారు. మరుసటి ఏడాది మనిషి కణంతోనూ సాధ్యమైంది. 2012లో నోబెల్. 2025లో టైప్ 1 డయాబెటిస్ ప్రయోగంలో, మూలకణాల నుంచి తయారుచేసిన ఇన్సులిన్ కణాలను పూర్తి మోతాదులో తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అవసరం లేకపోయింది. కాకపోతే రోగనిరోధక శక్తిని అణిచే మందులు వేసుకుంటూనే ఉండాలి. ఇది టైప్ 1. మనలో ఎక్కువమందికి ఉన్నది టైప్ 2, దానికి ఈ ఫలితం వర్తించదు. అదే ఏడాది జపాన్‌లోని క్యోటోలో ఏడుగురు పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) రోగుల మీద చేసిన ప్రయోగం వివరాలు వచ్చాయి. కొందరికి కొంత మేలు కనిపించింది. ఇవన్నీ కొద్దిమంది మీద జరిగినవి. థామస్‌కు పట్టిన 33 ఏళ్లు ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఇది రేపటి వైద్యమే అని నేను నమ్ముతున్నాను. ఆ రేపు ఒక్కో జబ్బుకు ఒక్కోసారి వస్తుంది. కంటి సున్నపు గాయానికి ఇప్పటికే వచ్చింది. ఆటిజానికి రాలేదు.

ఎవరైనా మీ చేతిలో మూలకణ చికిత్స కాగితం పెట్టి, ఇది ప్రయోగం అంటే, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబర్ అడగండి. నిజమైన ప్రయోగమైతే మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఇంగ్లిష్ అర్థం కాకపోతే మొహమాటపడకండి. మంగళవారం, శనివారం సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా నేను ఈ కాలేజీ లైబ్రరీలోనే ఉంటాను. కాగితం తీసుకురండి, కలిసి చదువుదాం. ఈసారి నెల రోజులు ఆగనివ్వను.